సిలువ ఎత్తిన మనిషి

మా నాన్న పోయిన ఏడు ద్రాక్ష విరగకాసింది. పలకరించడానికి వచ్చిన ప్రతివాళ్ళూ ఆ మాటే అన్నారు. పోయిన మనిషి గురించి ఏం మాట్లాడాలో తెలియనప్పుడు పంట గురించి మాట్లాడటం మా శాన్ హసింతోలో మర్యాద. గుత్తులు చూశాం ఒతీలియా, ఒక్క గింజ కుళ్ళలేదు, అనేవాళ్ళు. నేను తల ఊపి కాఫీ ఇచ్చేదాన్ని. నాకు ఏమీ అనిపించేది కాదు. కన్నతండ్రి పోతే ఏడుపు రాలేదేమిటని సిగ్గు కూడా వేయలేదు.

నాన్న పేరు డెల్ఫినో. జులై ఆఖర్లో ఒక పొద్దున తోటలోనే కూలిపోయాడు. గుండె. మా తమ్ముడు ఎఫ్రేన్ పరుగెత్తుకెళ్ళేసరికే అంతా అయిపోయింది. శవాన్ని ముందుగదిలో పెట్టాం. మా ఇంట్లో అన్నిటికంటే పెద్ద గది అదే. వైన్ రుచి చూడ్డానికి రాజధాని నుంచి కార్లేసుకుని వచ్చేవాళ్ళని కూర్చోబెట్టేదీ అక్కడే. బల్లలన్నీ వసారాలోకి ఈడ్చి, గ్లాసులు అలమారలో పెట్టి తాళం వేశాం. మట్టి చేసి వచ్చాక, శవపేటిక ఉన్న చోట నేలమీద సున్నంతో సిలువ పోశారు, మనిషి పొడుగంత. దాని మీద పువ్వులు, నాలుగు వైపులా కొవ్వొత్తులు. తొమ్మిది సాయంత్రాలు దాని చుట్టూ కూర్చుని జపమాల చెప్పాలి. ఆఖరి సాయంత్రం ఆ సున్నాన్ని ఎత్తి, మర్నాడు తీసుకెళ్ళి సమాధి మీద పోయాలి. ఎత్తేదాకా పోయినవాడు ఇల్లు వదలడని మావాళ్ళ నమ్మకం.

చావుకి కాలం వేళ ఉండదంటారు గానీ, మా నాన్న సరిగ్గా కోతల ముందు పోయాడు. ఆ నెల రోజులే మా ఊరికి మనుషులు వస్తారు. గడ్డి టోపీలు, తెల్ల బట్టలు, కొత్త చెప్పులు. తొట్టిలోకి దిగి ద్రాక్ష తొక్కుతూ ఫోటోలు తీయించుకుంటారు. తలుపు మీద నల్ల రిబ్బను కట్టినా వాళ్ళకి అర్థం కాదు. రెండోరోజు ఒక జంట తిన్నగా లోపలికి వచ్చేశారు. ఆవిడ గుమ్మంలో నిలబడి, కొవ్వొత్తుల మధ్య సున్నపు సిలువను చూసి, ఎంత అందంగా అలంకరించారండీ అంది. ఫోను పైకెత్తింది. అది మా నాన్నండీ అన్నాను. ఆవిడ నవ్వబోయి ఆగిపోయింది. పాపం, ఆవిడ తప్పేముంది. వాళ్ళాయన రెండు సీసాలు కొన్నాడు, మిగతా చిల్లర వద్దని వెళ్ళిపోయాడు.

అమ్మ ఆ గోల ఏదీ పట్టించుకోలేదు. మా అమ్మ ఎలోడియా ఊరందరికీ తెలిసిన నోటిగల మనిషి. బజారులో మిరపకాయలు తూకం తక్కువైతే ఆ తిట్లకి గంట మోగేది చర్చిలో అని నాన్న వేళాకోళం చేసేవాడు. అలాంటి మనిషి సిలువ తలవైపు పొట్టి కుర్చీ వేసుకుని కూర్చుంది, అంతే. ఏడవదు. తినదు. ఏదైనా అడిగితే ఆ అంటుంది, ఊ అంటుంది. ప్రార్థన చెప్పించే డోన్యా చోనా నన్ను పక్కకి పిలిచి, మీ అమ్మని ఎలాగైనా ఏడిపించు తల్లీ, లేకపోతే ఆవిడ కూడా దక్కదు, అని చెప్పి వెళ్ళింది. నాకు భయం వేసిందని అంటే అబద్ధం. భయపడాల్సిన సంగతి అని మాత్రం తెలిసింది. రోజూ మూడు పూటలా అమ్మ ముందు కంచం పెట్టడం, మూడు పూటలా పెట్టింది పెట్టినట్టు తీసుకెళ్ళి కోళ్ళకి వేయడం, ఇదీ నా పని.

మూడోరోజు మధ్యాహ్నం హెర్లిందా వచ్చింది.

యాభై దాటి ఉంటుంది. నల్ల శాలువా, చేతిలో గుడ్డ సంచీ, ఒక మేకపాల కోవా డబ్బా. సెలాయా నుంచి వస్తున్నానంది. సెలాయా అంటే నాన్న రెండు వారాలకోసారి ట్రక్కులో వైన్, జున్ను వేసుకుని వెళ్ళే ఊరు. డాన్ డెల్ఫినో దగ్గర సరుకు కొనేదాన్ని, ఆయన రాకపోతే ఫోన్ చేశాను, మీ తమ్ముడు చెప్పాడు, ఒకటి రెండు ప్రార్థనల్లో కూర్చుని వెళ్తాను, గది ఉంటే చాలు, డబ్బిస్తాను, అంది. ఇప్పుడు గదులు ఎవరికీ ఇవ్వడం లేదని చెప్పి తలుపు వేయబోయాను.

"లోపలికి రమ్మను," అంది అమ్మ లోపల్నుంచి. "చావింటికి వచ్చిన మనిషిని గడప అవతల నిలబెట్టకూడదు."

మూడు రోజుల్లో అమ్మ నోట వచ్చిన మొదటి మాట అది. అందుకని తలుపు తీశాను. చూసేవాళ్ళకి పిలవని పేరంటమే, కానీ పిలిచినవాళ్ళకంటే ఈవిడే పనికొచ్చింది. వచ్చీరాగానే చేతులు కడుక్కుని వంటింట్లో దూరింది. నాగజెముడు ఆకులకి ముళ్ళు తీసి, ఉల్లిపాయతో వేయించి, మొక్కజొన్న రొట్టెలో చుట్టి అమ్మ చేతిలో పెట్టింది. తినండి అనలేదు. తను కూడా ఒకటి పట్టుకుని పక్కన నేలమీద కూర్చుని తినడం మొదలుపెట్టింది. అమ్మ కాసేపు చేతిలో ఉన్నదాన్ని చూసింది. తర్వాత కొరికింది. నేను గుమ్మంలోంచి చూసి వెనక్కి వచ్చేశాను.

సాయంత్రం ప్రార్థనలో కూడా ఆవిడ గొంతే అందరికీ ఆధారమైంది. డోన్యా చోనాకి వయసు మీద పడింది, మధ్యలో కునుకు పట్టి రెండేసి పూసలు దాటేస్తుంది. హెర్లిందా ఎక్కడ వదిలారో అక్కడ మెల్లగా అందుకునేది. ముసలావిడకి కోపం రాకుండా అందుకోవడం ఎలాగో ఆవిడకి తెలుసు. వచ్చిన రెండో రోజుకే అమ్మ ఆవిడని నువ్వు అని పిలవడం మొదలుపెట్టింది. ఇద్దరూ సిలువ పక్కన కూర్చుని మోకాళ్ళ నొప్పుల గురించీ, హెర్లిందా కుట్టే బడి యూనిఫారాల గురించీ మాట్లాడుకునేవాళ్ళు. నెల్లాళ్ళకే పిల్లల మోకాళ్ళ దగ్గర చిరిగిపోతాయి, తల్లులొచ్చి గుడ్డ మంచిది కాదని నన్ను దులిపేస్తారు, అని ఆవిడ చెబితే, అమ్మ ముక్కుతో చిన్నగా నవ్వింది. ఎఫ్రేన్ తోటలోంచి వచ్చి ఆ చప్పుడు విని నా వైపు చూశాడు. వాడు కాయ తీపి ఎక్కుతోందనీ, తూర్పున మబ్బు చూస్తే వడగళ్ళ భయం ఉందనీ చెప్పి, నీళ్ళు తాగి మళ్ళీ వెళ్ళిపోయాడు.

పోయినవాళ్ళ బట్టలు సిలువ ఎత్తకముందే ఉతికి మడత పెట్టాలి. ఆ తర్వాత ఎవరికైనా ఇచ్చేస్తారు. అమ్మకి కళ్ళు ఆనవు, కాబట్టి ఆ పని నాకే పడింది. నాన్న చొక్కాలు ఒక్కొక్కటీ తీగమీద నుంచి తీస్తుంటే గుండీలు కనపడ్డాయి. మా ఇంట్లో గుండీ ఊడితే నేను కుడతాను, నాలుగు పోట్లు పొడిచి ముడి వేస్తాను, అంతకంటే ఓపిక లేదు. ఈ గుండీలు వేరు. ప్రతిదాని మెడకీ దారం చుట్టుచుట్టి, లోపలివైపు పక్కపక్కన రెండు ముడులు. ఒక చొక్కాకి కాదు, మంచి చొక్కాలన్నిటికీ. ఇస్త్రీవాడు కుట్టించి ఉంటాడనుకుని మడత పెట్టేశాను.

ఆ మధ్యాహ్నమే వెనక పంపు దగ్గర నేను బుట్టలు కడుగుతుంటే హెర్లిందా గట్టుమీద కూర్చుని ఎఫ్రేన్ చొక్కాకి గుండీ కుడుతోంది. వాడు అడగలేదు, తనే చూసి విప్పించింది. గుండీ మెడకి దారం చుట్టింది. చుట్టి, చుట్టి, లోపలికి పోనిచ్చి, ఒక ముడి వేసింది. దాని పక్కనే ఇంకో ముడి.

నేను పంపు కట్టేశాను.

"మా నాన్న చొక్కాలకి కుట్టింది మీరేనా?"

ఆవిడ తల ఎత్తలేదు. దారం పళ్ళతో తెంపింది. "అవును," అంది.

"ఎన్నాళ్ళ నుంచి?"

"పదకొండేళ్ళు."

కోపం వస్తుందేమోనని ఆగాను. రాలేదు. పన్ను పీకించుకుని వచ్చాక బుగ్గ గిల్లుకుంటే ఎలా ఉంటుందో అలా ఉంది. నా బుగ్గే అని తెలుస్తుంది, అంతే. పెళ్ళాం లేదని చెప్పాడా అని అడిగాను. ఉందని మొదటి రోజే చెప్పారు, మీ అమ్మగారి గురించి ఒక్క చెడ్డమాట ఏనాడూ అనలేదు, అంది.

"అదేమన్నా గొప్పా?"

"గొప్పని కాదు. అడిగావు కాబట్టి చెప్పాను."

వెంటనే సంచీ సర్దుకోమన్నాను. మా అమ్మకి నలభై ఏళ్ళ కాపురంలో మిగిలిందల్లా డెల్ఫినో మంచివాడన్న ఒక్క మాట. అది కూడా లాగేస్తే ఆ కుర్చీలోంచి లేవదు, తల్లిని కూడా పోగొట్టుకోవడానికి నేను సిద్ధంగా లేను, అని చెప్పాను. మాటలు సరిగ్గానే వచ్చాయి. ఎవరో పక్కింటివాళ్ళ తరఫున చెబుతున్నట్టు చెప్పాను.

హెర్లిందా చొక్కా మడత పెట్టి ఒళ్ళో పెట్టుకుంది. ఆస్తి కోసం రాలేదంది. మీ అమ్మకి చెప్పడానికీ రాలేదంది. ఆయన్ని మట్టి చేసినప్పుడు నేను మిషను ముందు కూర్చుని కాలర్లు కుడుతున్నాను, నాకు తెలియదు, అంది. "సిలువ ఎత్తేదాకా వెనకాల కూర్చోనియ్యి అమ్మాయ్. తెల్లారి బస్సెక్కేస్తాను. ఈ దిక్కు మళ్ళీ చూడను."

కుదరదనే అందామనుకున్నాను. అప్పుడే వంటింటి కిటికీలోంచి అమ్మ గొంతు వినపడింది.

"హెర్లిందా, ఎక్కడున్నావు? ఆకలేస్తోంది, తిందాం రా."

అమ్మ నోట ఆకలి అన్న మాట. ఇక నేనేం చేయను. కక్కలేక మింగలేక ఊరుకున్నాను. సిలువ ఎత్తిన మర్నాడు మొదటి బస్సు అన్నాను. ఆవిడ సరేనంది. ఆ తర్వాత రోజుల్లో ఆవిడ వంట చేస్తే నేను వడ్డించాను, ఆవిడ అందుకున్న ప్రార్థనకి నేను వంత పలికాను. ఎఫ్రేన్‌కి కూడా చెప్పలేదు. ముందుగదిలో వాళ్ళిద్దరూ పక్కపక్కన కూర్చుని, ఎదురుగా నేలమీద నాన్న. ఎవరైనా ఫోటో తీసి ఉంటే చాలా అందంగా ఉండేది.

ఆఖరి సాయంత్రానికి ఇల్లు నిండిపోయింది. వర్షం వాసన వేస్తోంది గానీ వాన పడలేదు. వచ్చినవాళ్ళకి పెట్టడానికి మిరపకాయల కూర పెద్ద కుండలో ఉడుకుతోంది. మొక్కజొన్న పిండి పొట్లాలు ఆవిరిమీద ఉన్నాయి. సిలువని అయిదు భాగాలుగా ఎత్తుతారు. తల, రెండు చేతులు, పాదాలు, ఆఖరున గుండె. ఎత్తేవాళ్ళు ఇంటివాళ్ళు కాకూడదు. భార్య గానీ పిల్లలు గానీ ఆ సున్నాన్ని ముట్టుకుంటే పోయినవాడు కదలలేడంటారు. అందుకని బయటివాళ్ళని బతిమాలి, జ్ఞానతల్లులుగా, జ్ఞానతండ్రులుగా ఉండమంటారు. మేం నలుగురు ఊరివాళ్ళనీ, కెరెతారోలో ఉండే నాన్న చిన్ననాటి స్నేహితుడి భార్యనీ అడిగి పెట్టుకున్నాం. దారిలో వడగళ్ళు పడి రోడ్డు మూసేశారని ఆవిడ ఫోన్ చేసింది. ఒక మనిషి తక్కువైంది.

డోన్యా చోనా జపమాల పక్కన పెట్టి, ఇప్పుడెవరు ఎలోడియా అంది. అమ్మ ఆలోచించలేదు కూడా. కుర్చీలోంచి లేచి, అందరి ముందూ హెర్లిందా దగ్గరికి వెళ్ళి, రెండు చేతులూ పట్టుకుంది.

"నా మొగుడి సిలువకి జ్ఞానతల్లిగా ఉంటావా? నీకంటే బాగా ఆయనకోసం ఎవరు ప్రార్థన చేశారు?"

గదిలో అందరూ అవునవునన్నారు. ఇలాంటిది నలుగురి ముందు అడిగితే కాదనడానికి లేదు. కాదంటే పోయినవాణ్ణి కాదన్నట్టే. హెర్లిందా మొహం సున్నం కంటే తెల్లబడింది. పొయ్యిమీద కూర అడుగంటుతుందేమో చూసొస్తానని గొణిగి వంటింట్లోకి వెళ్ళింది. నేనూ వెనకే వెళ్ళాను.

ఆవిడ కుండ పక్కన గోడకి ఆనుకుని నిలబడి ఉంది. వెనక తలుపు తీసి ఉంచు అమ్మాయ్, ఇప్పుడే వెళ్ళిపోతాను, అంది. ఇంతమంది ముందు అడిగాక పారిపోతే ఊరంతా ఎందుకని అడుగుతుంది, అమ్మ కూడా అడుగుతుంది, అన్నాను.

"నేను ఎత్తకూడదు," అంది ఆవిడ. "ఇంటివాళ్ళు ఎత్తకూడదు కదా."

అప్పుడు మాత్రం నాలో ఏదో కదిలింది. కోపమో, ఈర్ష్యో. అన్ని రోజుల్లో అదొక్కటే.

"మీరు ఇంటివాళ్ళు కారు," అన్నాను. "ఈ ఇంటికి మీరు ఏమీ కారు. ఏమీ కారు కాబట్టి వెళ్ళి ఎత్తండి."

ఆవిడ కుండమీద మూత పెట్టి, చేతులు కడుక్కుని, శాలువా సర్దుకుని ముందుగదిలోకి నడిచింది.

ఒక్కొక్కరే వంగి, గట్టి అట్టముక్కతో సున్నాన్ని దోసి చెక్కపెట్టెలో పోశారు. ప్రతి భాగానికీ ఒక పాట, ఒక కొవ్వొత్తి ఆర్పడం. తల పోయింది, చేతులు పోయాయి, పాదాలు పోయాయి. నేలమీద అరచేయంత తెల్ల మచ్చ మిగిలింది. హెర్లిందా మోకాళ్ళమీద కూర్చుంది. అట్టముక్క పక్కన పెట్టి, చేతులతోనే ఎత్తింది. పగుళ్ళలో ఉన్నది కూడా గోళ్ళతో తీసింది. అప్పుడు ఏడవలేదు. ఆఖరి కొవ్వొత్తి ఆర్పాక ఎవరో దీపం వేశారు. గది మళ్ళీ వైన్ అమ్మే గదిలా కనిపించింది.

అమ్మ అయిదుగురినీ వరసగా కౌగిలించుకుంది. హెర్లిందా దగ్గరికి వచ్చేసరికి ఎక్కువసేపు ఆగింది.

"దేవుడు మీకు మేలు చేస్తాడు, కోమాద్రే," అంది.

మీకు, అంది. అప్పటిదాకా నువ్వు అన్న మనిషి. సిలువ ఎత్తినవాళ్ళు ఆ ఇంటి ఆడదానికి కోమాద్రేలైపోతారు. మావైపు ఆ చుట్టరికం తోడబుట్టినదానికంటే గట్టిది. అక్కచెల్లెళ్ళు జుట్లు పట్టుకుంటే ఎవరూ పట్టించుకోరు. కోమాద్రేలు ఒకరిమీద ఒకరు గొంతు పెంచితే మాత్రం ఊళ్ళో తలెత్తుకోలేరు. చచ్చేదాకా మీరు అనే పిలుచుకోవాలి, ఒక్క తిట్టు కూడా దొర్లకూడదు, ఒకరి చావుకి ఒకరు రావాలి. ఇదంతా నాకు తెలియక కాదు. చిన్నప్పటినుంచీ చూస్తున్నదే. వంటింట్లో ఆ మాట అన్నప్పుడు తట్టలేదు, అంతే. ఇంటికి ఏమీ కారన్న మనిషిని ఆ మాటతోనే చుట్టాన్ని చేసి కూర్చోబెట్టాను. నవ్వొచ్చే సంగతే, కానీ నాకు నవ్వు కూడా రాలేదు. అందరికీ కూర వడ్డించాను.

మర్నాడు పొద్దున్నే పెట్టె తీసుకుని శ్మశానానికి వెళ్ళాం. హెర్లిందా సంచీ చేత్తోనే పట్టుకుంది, అటునుంచి అటే బస్సుకి పోవాలని. నాన్న మట్టి ఇంకా చదును కాలేదు. సిలువ ఎత్తినవాళ్ళు తలొక గుప్పెడు సున్నం చల్లారు. ఆఖరున పెట్టె హెర్లిందా చేతికి వచ్చింది. మిగిలినదంతా ఆవిడ వంపాలి. సగం వంపింది. పెట్టె పక్కన పెట్టి మట్టిమీద పడిపోయింది.

అది చర్చిలో ఏడ్చే ఏడుపు కాదు. అరిచింది. ఒక్క బుధవారం ఆగలేకపోయావా అంది, మట్టిని అరచేతులతో కొడుతూ. బుధవారం నాన్న సెలాయా వెళ్ళే రోజు. సరుకు కొనుక్కునేవాళ్ళకి అలాంటి ఏడుపు రాదు. మిగతా నలుగురూ నేల చూశారు. నేను అమ్మని చూశాను. అమ్మ చేతులు జపమాల మీద ఆగిపోయాయి. తర్వాత ముందుకెళ్ళి, హెర్లిందాని భుజాలు పట్టి లేపి, ఒంటిమీది మట్టి దులిపింది. పెట్టెలో మిగిలిన సున్నం తనే వంపబోయి, ముట్టుకోకూడదని గుర్తొచ్చి, పెట్టె మళ్ళీ ఆవిడ చేతికే ఇచ్చింది.

ఇంటికి వచ్చేశాం. మబ్బు దగ్గరికొస్తోందని ఎఫ్రేన్ కోత మొదలుపెట్టేశాడు. ముందే మాటిచ్చిన రాజధాని జనం పదిమంది కూడా గడ్డి టోపీలతో వరసల్లో ఉన్నారు, కోతలో పాల్గొనడానికట, కాయ కంటే ఆకులే ఎక్కువ కోస్తున్నారు. అమ్మ నల్లబట్టల మీదే పాత టోపీ పెట్టుకుంది. గోడకి వేలాడుతున్న కత్తెర తీసుకుని తోటలోకి నడిచింది. హెర్లిందా గేటు దగ్గర సంచీతో నిలబడి ఉంది.

"బస్సు రేపూ ఉంటుంది," అంది అమ్మ వెనక్కి తిరక్కుండా. "కోతకి మనుషులు చాలరు."

హెర్లిందా సంచీ గేటు లోపల పెట్టింది. ఎఫ్రేన్ ఇంకో కత్తెర ఇచ్చాడు. ఒకే వరసకి అమ్మ ఇటు, ఆవిడ అటు నిలబడ్డారు. మధ్యలో ఆకులు. నేను అమ్మ వెనక పక్క వరస పట్టాను. కత్తెర్ల చప్పుడు మొదలైంది.

"ఎన్నేళ్ళు?" అంది అమ్మ ఆకుల్లోకి.

అవతల కత్తెర ఆగింది. "పదకొండు."

"పిల్లలా?"

"లేరు."

అమ్మ రెండు గుత్తులు కోసి బుట్టలో మెల్లగా పెట్టింది. నలిగిపోకుండా పెట్టింది.

"నిన్న ఈపాటికి తెలిసి ఉంటే జుట్టు పట్టుకుని ఊరి చివరిదాకా ఈడ్చేదాన్ని," అంది. "ఇప్పుడు మిమ్మల్ని తిట్టడానికి కూడా లేదు నాకు. నా చేతులతో నేనే కోమాద్రేని చేసుకున్నాను."

"తిట్టండి కోమాద్రే. నేను ఎవరికీ చెప్పను."

"మీరు చెప్పక్కర్లేదు. పైవాడు వింటాడు."

మళ్ళీ కత్తెర చప్పుడు. అమ్మ ఒక అడుగు జరిగింది, ఆకుల అవతల ఆవిడా ఒక అడుగు జరిగింది.

"ఒతీలియా."

"ఆ."

"నీకు తెలుసా?"

లేదని చెప్పొచ్చు. చెబితే నమ్మేదేమో కూడా.

"తెలుసు."

అమ్మ నడుము పట్టుకుని నిటారుగా నిలబడింది. టోపీ వెనక్కి తోసుకుని నా మొహంలోకి చూసింది. పదిరోజుల తర్వాత మా అమ్మ కళ్ళలో మనిషి కనపడింది.

"అయితే నిన్ను తిడతాను," అంది.

మొదలుపెట్టింది. నీ నోరు పడిపోను అంది, నీ కళ్ళు పేలిపోను అంది. నా వంటింట్లో తిరిగావు కదే, నా పక్కన కూర్చుని నా కంచంలో తిన్నావు కదే, నేను దుఃఖంలో ఉంటే నా చేతికి రొట్టె చుట్టి ఇచ్చావు కదే. గొంతు పెరిగింది. పదకొండేళ్ళు నా కళ్ళకి గంతలు కట్టావు కదే దొంగమొహమా, దారి బాగాలేదంటే నమ్మాను, ట్రక్కు చెడిపోయిందంటే నమ్మాను, వెళ్ళే ప్రతి బుధవారం ఇస్త్రీ చొక్కా తొడిగి గేటు దాకా వచ్చి సాగనంపింది నేనే కదే. ఎఫ్రేన్ పరుగెత్తుకొచ్చి వరస చివర ఆగిపోయాడు. టోపీలవాళ్ళు కోత ఆపేసి చూస్తున్నారు. ఒకావిడ నా వైపు జాలిగా చూసింది, ఇంత వయసొచ్చిన కూతుర్ని తల్లి ఇలా తిట్టడమేమిటని కాబోలు. ఆ తిట్లలో ఒక్కటీ నాది కాదు. అయినా అన్నీ నాకే వచ్చి తగిలాయి. కత్తెర జారి కిందపడింది. నేను ఏడుస్తున్నానని నాకు మొహం తడిసాకే తెలిసింది. నాన్న కోసమే ఏడ్చాను. అమ్మ కూడా ఏడుస్తోంది, ఏడుస్తూనే తిడుతోంది. ఆకుల అవతల హెర్లిందా తల వంచుకుని, చేతులు ఆపకుండా, ఒక్క మాట కూడా వదలకుండా వింటోంది.

మధ్యలో ఒక్కసారి అమ్మ ఊపిరి తీసుకోవడానికి ఆగింది. మోచేత్తో మొహం తుడుచుకుని, ఆకులు పక్కకి తప్పించి అవతలికి చూసింది.

"ఎండ ఎక్కుతోంది కోమాద్రే, శాలువా తలమీదికి వేసుకోండి," అంది, ఎంతో మర్యాదగా.

ఆవిడ వేసుకునేదాకా ఆగి, మళ్ళీ నా వైపు తిరిగింది.